నెదర్లాండ్స్‌లో మే 4 రాత్రి విందు చేసుకోవచ్చా?

మాది నల్లగొండ జిల్లా. ఎనిమిది నెలలుగా నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. రెండవ ప్రపంచ యుద్ధంలోనూ ఆ తర్వాతి యుద్ధాల్లోనూ మరణించినవారిని స్మరిస్తూ ఇక్కడ మే 4న రాత్రి 8 గంటలకు దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటిస్తారు. మరునాడే, 1945లో నాజీల ఆక్రమణ నుంచి విముక్తి లభించినందుకు సంబరాలు జరుపుకుంటారు. మన దగ్గర సాయుధ పోరాట అమరుల స్తూపం వద్ద మౌనం ముగియగానే జోహార్ నినాదాలు మారుమోగుతాయి కనుక, ఆ రెండు నిమిషాల తర్వాత కూడా ఇక్కడి నిశ్శబ్దం ఎంతసేపు ఉంటుందో నాకు అంతుపట్టడం లేదు.

పదిహేను మంది తెలుగు విద్యార్థుల విందుకు మా హాస్టల్ కామన్ రూమ్ మే 4 సాయంత్రం 7 నుంచి 10 వరకే దొరికింది, 5న ఖాళీ లేదు. విశ్వవిద్యాలయ కార్యాలయానికి మెయిల్ రాస్తే మౌనం పాటించే సమయం మాత్రమే తెలిపారు. పక్క గదిలోని డచ్ మిత్రుణ్ణి అడిగితే "మీ ఇష్టం" అన్నాడు, కానీ ఆ మాట అనే ముందు కాస్త ఆగాడు. నా సందేహమంతా ఆ ఆగడం దగ్గరే ఉంది. 7.45కే పాటలు ఆపి, అందరం లేచి నిలబడి మౌనం పాటించడానికి సిద్ధంగా ఉన్నాం.

ఇక్కడ కొన్నేళ్లుగా ఉంటున్నవారు చెప్పగలరు: 8.02 తర్వాత మళ్లీ పాటలు పెట్టి విందు కొనసాగిస్తే, ఇరుగుపొరుగు డచ్ వారికి అది అమర్యాదగా తోస్తుందా?