డాష్ లైన్ మీద ఫిల్లెట్ (మూలలో వేసే వెల్డ్) గుర్తు: ఏ వైపు వెయ్యాలి?

పటాన్‌చెరు_ఫిట్టర్: జర్మనీ పార్టీ డ్రాయింగ్ వచ్చింది. వెల్డ్ గుర్తులు పెట్టే రిఫరెన్స్ లైన్ కింద ఇంకో డాష్ లైన్ ఉంది, ఫిల్లెట్ గుర్తు దాని మీదే ఉంది. పక్కన a6. తోకలో 135, మూల మీద జెండా. వెల్డ్ బాణం చూపించే వైపా, జాయింట్‌కి అవతలి వైపా? రేపే ఫిట్-అప్, ముక్కలు జత చేసి పెట్టాలి.

గాజువాక_వెల్డర్: గీత కింద ఉంటే బాణం వైపు, పైన ఉంటే అవతలి వైపు. దీనికింత టెన్షన్ ఎందుకు తమ్ముడూ?

జుబైల్_క్యూసీ: అన్నా, మీరు చెప్పేది అమెరికా వాళ్ల వెల్డ్ గుర్తుల స్టాండర్డ్, ఏడబ్ల్యూఎస్ ఏ2.4 లెక్క. డాష్ లైన్ ఉందంటే అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్‌ఓ 2553లోని 'A' పద్ధతి. అందులో పైనా కిందా చూడరు. నిండు గీత మీదుంటే బాణం వైపు, డాష్ లైన్ మీదుంటే అవతలి వైపు. ఇంకోటి, a6 అంటే థ్రోట్, అంటే మూల నుంచి వెల్డ్ పైముఖానికి మందం, 6 మిల్లీమీటర్లు. లెగ్, అంటే ప్లేటు మీద వెల్డ్ ఆనే వెడల్పు, ఎనిమిదిన్నర రావాలి.

గాజువాక_వెల్డర్: ఎనిమిదిన్నరా! మా షాపులో 6 అంటే లెగ్గే. ఏ ఇన్‌స్పెక్టరూ కాదనలేదు.

జుబైల్_క్యూసీ: మీకు వచ్చే డ్రాయింగుల్లో అది లెగ్గే కావచ్చు. ఇక్కడ a అని రాసి ఉంది. లెగ్ కావాలంటే z6 అని రాసేవాళ్లు. లెగ్ 6 వేస్తే థ్రోట్ 4.2 దగ్గర ఆగిపోతుంది. నేను రోజూ సంతకం పెట్టేది ఈ లెక్కల మీదే.

గాజువాక_వెల్డర్: సంతకాలు పెట్టేవాళ్లకి సెగ తగలదు. రాడ్ పట్టుకునేవాడిని నేను. నాకు గేజ్ నేర్పొద్దు.

కొటేషన్_సుబ్బు: గొడవ ఆపండి సార్లూ. లెగ్ 6కి, థ్రోట్ 6కి పడే మెటల్ సరిగ్గా రెట్టింపు. ఆ a చూడకుండా రేటు ఇస్తే వైరూ, గ్యాసూ, కూలీ అన్నీ మన నెత్తినే. పార్టీ పైసా కలపదు. మా ఓనర్ కిందటేడు ఇలాగే మునిగాడు, అందుకే ఇప్పుడు ప్రతి డ్రాయింగూ ముందు నా టేబుల్ మీదకే వస్తుంది.

ఆటోనగర్_రవి: ముక్కలు ముక్కలుగా వేసే వెల్డ్ సంగతి కూడా చెప్పండి. ఏడబ్ల్యూఎస్‌లో 50-150 అంటే ముక్క పొడవు 50, ముక్క మధ్య నుంచి ముక్క మధ్యకి 150. ఐఎస్‌ఓలో బ్రాకెట్‌లో ఉన్న అంకె రెండు ముక్కల మధ్య ఖాళీ. మావాడు రెండూ ఒకటే అనుకుని వేసేయబోతుంటే నేనే ఆపాను.

పటాన్‌చెరు_ఫిట్టర్: నా జెండా సంగతి ఎవరూ చెప్పలేదు.

జుబైల్_క్యూసీ: జెండా అంటే సైట్ వెల్డ్ తమ్ముడూ. షాపులో వెయ్యొద్దు, అంచులు శుభ్రం చేసి పంపు.

గాజువాక_వెల్డర్: 135 అంటే సీఓటూ వైర్. సైట్‌లో గాలికి గ్యాస్ కొట్టుకుపోతే వెల్డ్‌లో బ్లోహోల్స్ (గాలి రంధ్రాలు) ఖాయం. చుట్టూ టార్పాలిన్ కట్టమని ఇప్పుడే రాసి పంపు. ఇది మాత్రం నా మాట విను.