అమ్మకి షుగర్, బీపీ, ఇప్పుడు క్రియాటినిన్... ఇదంతా తిండి వల్లేనా?

రాజాం_అబ్బాయి:
అందరికీ నమస్కారం. మాది రాజాం దగ్గర పల్లెటూరు. అమ్మకి ముందు షుగర్ వచ్చింది, తర్వాత బీపీ, మొన్న టెస్టులు చేయిస్తే కొలెస్ట్రాల్ ఎక్కువుంది, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కూడా కొంచెం పెరిగింది అన్నారు. ఏటండీ ఇది, ఇలా ఒకదాని ఎనకాల ఒకటి వచ్చేస్తాయా? ఆవిడ స్వీట్లు ముట్టదు, బయట తిండి అసలే లేదు. పొద్దున్న చద్దన్నం ఆవకాయ, మధ్యాహ్నం అన్నం పప్పుచారు ఎండు చేప, సాయంత్రం టీలో రస్కులు, రాత్రికి మళ్లీ అన్నమే. షుగర్‌కి ఒక డైట్, బీపీకి ఇంకోటి, ఇప్పుడు కిడ్నీకని పప్పు తగ్గించమంటున్నారు, పక్కింటి పిన్నేమో చోడి (రాగి) అంబలి తాగితే అన్నీ పోతాయంటాది. ఒక్క ఇంట్లో ఎన్ని వంటలు వండాలి చెప్పండి.

బొబ్బిలి_ల్యాబ్:
బాబూ, పేర్లు నాలుగున్నాయి గాని అవి నాలుగు వేరే వేరే జబ్బులు అనుకోకు. మూడు పూటలా పాలిష్ బియ్యం, పక్కన కూర ఒక గరిటెడే, పైగా వయసు మీదపడి పొలం పని తగ్గితే ఆ పిండిపదార్థమంతా పొట్ట దగ్గర కొవ్వు అవుతాది, దాంతో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు, లివర్ రక్తంలోకి కొవ్వు ఎక్కువ వదుల్తాది, బీపీ కూడా పెరుగుతాది. షుగరూ బీపీ రెండూ కలిసి కిడ్నీలో సన్న జల్లెళ్లని పాడుచేస్తాయి. స్వీట్లు ముట్టదు అన్నావు, మరి రస్కులో ఉన్నది మైదా పంచదారే కదా. ఇంక ఉప్పు. రోజుకి 5 గ్రాములు దాటకూడదని డబ్ల్యూహెచ్‌ఓ మాట, అంటే మొత్తం వంటకి కలిపి ఒక చిన్న చెంచాడు. ఆవకాయ, ఎండు చేప ఒకే రోజు తింటే కూరలో ఉప్పు లెక్కెయ్యకముందే చాలా వరకు అయిపోతాది. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ధాన్యాల నుంచి వచ్చే క్యాలరీలు 45 శాతం దాటొద్దన్నారు, మన ఇళ్లల్లో కంచం చూస్తే అన్నమే ముప్పావు వంతుంటాది.

గంటస్తంభం_సెంటర్:
దీనిమీద బయట దేశాల్లో స్టడీలున్నాయి. స్వీడన్‌లో 2,400 మందికి పైగా పెద్దవాళ్లని 15 ఏళ్లు చూశారు, మంచి తిండి తిన్నవాళ్లకి ఒకదానిమీద ఒకటి జబ్బులు చేరడం నెమ్మదిగా జరిగింది, గుండె, మెదడు జబ్బుల్లో తేడా కనబడింది గాని ఎముకలు కండరాల జబ్బుల్లో కనబళ్లేదు. యూరప్‌లో 7 దేశాల్లో 2,66,666 మంది మీద చేసిన ఇంకోదాంట్లో, ప్యాకెట్ తిండి ఎక్కువ తినేవాళ్లకి క్యాన్సర్, షుగర్, గుండె జబ్బుల్లో రెండు కలిసి వచ్చే రిస్క్ ఎక్కువ. కూల్‌డ్రింకులు, ప్రాసెస్ చేసిన మాంసం దగ్గర ఆ లింకు గట్టిగా ఉంది, బ్రెడ్డు దగ్గర లేదు. అయితే ఇవి గమనించి రాసినవే, తిండే కారణం అని తేల్చేసినవి కావు. పైగా వాళ్ల కంచం వేరు మన కంచం వేరు, అందుకే అక్కడి డైట్ చార్టు తెచ్చి ఇక్కడ గోడకి అంటించేస్తే పని జరగదు.

కవిటి_కొబ్బరితోట:
అన్నీ తిండి మీదకే తోసెయ్యకండి. మా శ్రీకాకుళం ఉద్దానంలో షుగర్ లేదు బీపీ లేదు, కూలి పని చేసుకున్న మనిషికి కూడా కిడ్నీలు పోయాయి. నీళ్లు, ఎండలో ఒళ్లు ఎండిపోడం, నొప్పి బిళ్లలు ఇలా చాలా కారణాలు వెతికారు, ఇదీ కారణం అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ 2023లో పెట్టారంటే ఊరికే కాదు. మీ అమ్మగారికి షుగర్ బీపీ ఉన్నాయి కాబట్టి వాటివల్లే అయ్యుండొచ్చు, కాని యూరిన్‌లో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే యూరిన్‌లోకి పోయే ప్రోటీన్) టెస్టు చేయించకుండా ఎవరూ ఖాయంగా చెప్పకూడదు. మోకాళ్ల నొప్పులని మెడికల్ షాపులో బిళ్లలు కొనేసి మింగుతుంటే ముందు అది ఆపించండి. ఇంకోటి, సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు డాక్టర్ని అడక్కుండా కొనొద్దు, దాంట్లో పొటాషియం ఉంటాది, కిడ్నీ వీక్‌గా ఉంటే ప్రమాదం.

రాజాం_అబ్బాయి:
అమ్మో, ఆ ఉప్పు నిన్ననే కొందామనుకున్నాను. మరి చోడి అంబలి సంగతేటి? పప్పు మానెయ్యాలా?

బొబ్బిలి_ల్యాబ్:
అంబలి మంచిదే, కాని అన్నం తినేదంతా తినేసి దానిమీద తాగితే ఏం లాభం. మెత్తటి పిండి పల్చగా కాచి గ్లాసులు గ్లాసులు పట్టిస్తే షుగర్ గబుక్కున లేస్తాది, మనం నూకలు కూడా వేస్తాం కదా. దానికన్నా చోడి రొట్టో సంకటో కొంచెం, పక్కన కూర ఎక్కువ. పప్పు మాత్రం మీ అంతట మీరు మానిపించెయ్యకండి, ఎంత తినాలన్నది కిడ్నీ ఎంతవరకు పనిచేస్తోందో చూసి డాక్టరు చెప్తారు. ఎండు చేప బదులు పచ్చి చేప పులుసు పెట్టండి, చింతపండు పులుపుంటే ఉప్పు తక్కువైనా తెలీదు. వంట ఇంటిల్లిపాదికీ ఒకటే చెయ్యండి, ఉప్పు తగ్గితే నాన్నగారికీ మంచిదే, ఆయన గొణిగితే గొణగనీండి.

కవిటి_కొబ్బరితోట:
ఆ ఆల్బుమిన్ టెస్టుకి పొద్దున్న లేవగానే వచ్చే మొదటి యూరిన్ ఇస్తే మేలు. జ్వరం ఉన్నప్పుడు చేయించకండి, తప్పుగా ఎక్కువ చూపించొచ్చు.