అంతర్జాతీయ బ్యాంకింగ్ చట్టంలో ఎల్‌ఎల్‌ఎం: లెక్కలు ఎంతవరకు రావాలి?

ప్రశ్న:
న్యాయశాస్త్రంలో డిగ్రీ పూర్తిచేసి, మూడేళ్లుగా ఒక బ్యాంకులో ఎగుమతి, దిగుమతి పత్రాలను పరిశీలించే విభాగంలో పనిచేస్తున్నాను. అంతర్జాతీయ బ్యాంకింగ్ చట్టం, ఫైనాన్స్‌లో ఎల్‌ఎల్‌ఎం చేయాలని ఉంది. సిలబస్‌లో బ్యాంకుల నియంత్రణ, సిండికేట్ రుణాలు (పలు బ్యాంకులు కలిసి ఇచ్చే అప్పులు), డెరివేటివ్‌లు (వడ్డీ, మారకపు రేటు వంటి వాటి మార్పును బట్టి విలువ మారే ఒప్పందాలు) కనిపిస్తున్నాయి. బడి వదిలాక లెక్కల పుస్తకం ముట్టని నాకు ఫైనాన్స్ భాగం కొరుకుడు పడుతుందా? ఐచ్ఛికాలలో వేటికి మొగ్గు చూపడం మంచిది?

మొదటి జవాబు:
శాతాలు కట్టడం వస్తే చాలు. ఆ శాతం ఎందుకు పెట్టారో తెలియడమే ముఖ్యం. బ్యాంకుల మూలధనానికి అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన 1988 నాటి మొదటి బాసెల్ ఒప్పందం ప్రకారం, రిస్కును బట్టి తూచిన ఆస్తుల (అంటే ఇచ్చిన అప్పుల వంటి వాటి) విలువలో కనీసం 8 శాతం మూలధనం ఉండాలి. కంపెనీకి ఇచ్చిన 100 కోట్ల అప్పుకు పూర్తి తూకం కనుక 8 కోట్లు కావాలి. ఇల్లు తాకట్టు పెట్టుకుని ఇచ్చిన అంతే మొత్తం గృహరుణానికి ఆ ఒప్పందంలో సగం తూకమే కనుక 4 కోట్లు సరిపోయేవి. (ఈ సొమ్మును పెట్టెలో దాచిపెట్టాలని చాలామంది పొరబడతారు, నష్టం వస్తే భరించగల నిధులతో ఆ మేరకు వ్యాపారం చేయాలన్నదే దాని అర్థం.) తాకట్టు చట్టరీత్యా చెల్లదని తేలితే ఆ సగం తూకానికి ఆధారమే ఉండదు. కాబట్టి లెక్క వేసేది ఆర్థిక విభాగమే అయినా, అది నిలబడేది న్యాయవాది ఇచ్చిన అభిప్రాయం మీదనే.

రెండో జవాబు:
పై మాటతో ఏకీభవిస్తూనే, నియంత్రణ పేపరును తప్పక తీసుకోమంటాను. 1974 జూన్ 26న జర్మనీలో హెర్‌స్టాట్ బ్యాంకును అక్కడి పనివేళలు ముగిశాక మూసివేశారు. ఆ బ్యాంకుకు అప్పటికే జర్మన్ మార్కులు (అప్పటి జర్మనీ కరెన్సీ) చెల్లించినవారికి, ఇంకా ఉదయమే అయిన న్యూయార్క్‌లో రావలసిన డాలర్లు రాలేదు. కొన్ని గంటల కాలభేదంలో పుట్టిన ఈ చిక్కును నేటికీ ఆ బ్యాంకు పేరుతోనే పిలుస్తారు. ఆ ఏడాది చివరలోనే, పైన చెప్పిన ఒప్పందాన్ని తర్వాత రూపొందించిన బాసెల్ కమిటీ ఏర్పడింది. అయితే ఆ కమిటీ ప్రమాణాలకు స్వతహాగా చట్టబలం లేదు. ఏ దేశానికి ఆ దేశం తన చట్టంలోకో నిబంధనల్లోకో తెచ్చుకున్నప్పుడే అవి బ్యాంకులను కట్టడి చేస్తాయి. ఈ తేడా తెలియకుండా రాసిన పరీక్షాపత్రం మొదటి పేరాలోనే దొరికిపోతుంది.

మూడో జవాబు:
మీ ఉద్యోగానుభవాన్ని మీరే తక్కువగా అంచనా వేస్తున్నారు. లెటర్ ఆఫ్ క్రెడిట్ (సరైన పత్రాలు అందితే అమ్మకందారుకు సొమ్ము చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) కింద వచ్చిన పత్రాలు సరిపోయాయో లేదో తేల్చడానికి బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు బ్యాంకు పనిదినాలే ఉంటాయనీ, బ్యాంకు చూసేది పత్రాలనే తప్ప సరుకును కాదనీ మీరు రోజూ అమలుచేస్తున్న యూసీపీ 600 అనే లెటర్ ఆఫ్ క్రెడిట్ నియమావళి చెబుతుంది. 2007 జులై 1 నుంచి అమల్లో ఉన్న ఆ నియమావళి ఏ చట్టసభా చేసింది కాదు. అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందించినది. లెటర్‌లో దాన్ని చేర్చుకున్నందువల్లే కట్టుబడవలసి వస్తోంది. మోసం జరిగితే ఏం చేయాలో మాత్రం అది చెప్పదు, అది ఆయా దేశాల కోర్టులకు మిగిలిన విషయం. డెరివేటివ్‌లకు వాడే, ఆ రంగపు సంఘం ఇస్డా రూపొందించిన మాస్టర్ ఒప్పందం అనే నమూనా దారీ ఇదే. పరస్పర బకాయిలను సర్దుబాటు చేసుకునే క్లాజు ఎంత పకడ్బందీగా రాసుకున్నా, దివాలా తీసిన పక్షం దేశపు చట్టం ఒప్పుకోకపోతే అది కాగితం మీదే ఉండిపోతుంది. కనుక డెరివేటివ్‌లతో పాటు దివాలా చట్టం కూడా ఉండే కోర్సును ఎంచుకోండి. ఒకటి వదిలి మరొకటి చదివితే సగమే అర్థమవుతుంది.

ప్రశ్న వేసినవారు:
అందరికీ కృతజ్ఞతలు. పరిశోధనా వ్యాసానికి 2023 మార్చిలో స్విట్జర్లాండ్ బ్యాంకు క్రెడిట్ సూయిస్ ఏటీ1 బాండ్లను (బ్యాంకు చిక్కుల్లో పడితే విలువ రద్దయ్యే లేదా వాటాలుగా మారే బాండ్లను) రద్దుచేసిన ఉదంతం తీసుకోవచ్చా?

మూడో జవాబు రాసినవారు:
తీసుకోవచ్చు, కానీ విస్తరించకండి. సుమారు 1,600 కోట్ల స్విస్ ఫ్రాంకుల బాండ్లు సున్నా అయ్యాయి, వాటాదారులకు మాత్రం కొంత దక్కింది. మామూలుగా ముందు నష్టపోవలసింది వాటాదారులే కదా. ఆ క్రమం తలకిందులు కావడానికి బాండు షరతులలో ఏ వాక్యం వీలు కల్పించిందో, అదే కాలపు మరో బ్యాంకు బాండు షరతులను పక్కన పెట్టుకుని పోల్చి చూడండి. వ్యాసానికి ఆ ఒక్క పోలికే సరిపోతుంది.