అప్‌డేట్: ఇద్దరు పొడుగు కుర్రాళ్లతో మా డిఫెన్స్ ఎంతవరకు మారిందంటే

కిందటి నెల ఒక ప్రశ్న అడిగాను. వైజాగ్‌లో మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఆరడుగుల నాలుగంగుళాల వాళ్లు ఇద్దరున్నా, బుట్ట కిందే పాయింట్లు ఎందుకు ఇచ్చేస్తున్నామని. జవాబు చెప్పిన అన్నలకు, అక్కలకు చాలా థ్యాంక్స్.

మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కరు ఒక్కో ఆటగాణ్ని కాయడం) వదిలి 2-3 జోన్‌కి (ముందు ఇద్దరు, బుట్ట దగ్గర ముగ్గురు తమ తమ చోటు కాయడం) మారాం. డిఫెన్స్ ఆటగాడు ఎవర్నీ కాయకుండా పెయింట్‌లో (బుట్ట ముందున్న గీతల పెట్టెలో) మూడు సెకన్లకు మించి ఉండకూడదన్న రూల్ అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఉంది కానీ, మేం ఆడే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో లేదని ఒక అన్న చెప్పారు కదా, అదే మాకు కళ్లు తెరిపించింది. మా సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) ఇన్నాళ్లూ ఆ భయంతోనే పెయింట్ వదిలి బయటికి వచ్చేసేవాడు!

అసలు కష్టం ఫౌల్స్‌తో వచ్చింది. మా సెంటర్ ప్రతి షాట్‌నీ బ్లాక్ చేయాలని ఎదుటివాడి మీదికి ఎగిరేవాడు, ఐదు ఫౌల్స్ పడి ఆట నుంచి ఔటై బెంచీ మీద కూర్చునేవాడు. ఇప్పుడు రోజూ అరగంట ఒకటే సాధన: చేతులు నిటారుగా ఎత్తి, ఉన్నచోటే పైకి ఎగరడం. బంతిని తాకకపోయినా ఎదుటివాడి షాట్ గతి తప్పుతోంది. అది చూస్తుంటే నాకెంత ఆనందమో!

రీబౌండ్‌కి (షాట్ తప్పి తిరిగొచ్చే బంతిని అందుకోడానికి) మాత్రం పొడుగు ఒక్కటే చాలలేదు. ముందు ఎదుటివాణ్ని వీపుతో ఆపి, తర్వాతే బంతి కోసం చూడమంటున్నాం. సాయంత్రం సముద్రపు ఉక్కపోతకి ఇద్దరూ త్వరగా అలిసిపోతున్నారు, అందుకే వంతులవారీగా దింపుతున్నాం.

మిగిలిన టెన్షన్ కార్నర్ త్రీలు, అంటే కోర్టు మూలల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు. అక్కడ మూడు పాయింట్ల గీత బుట్టకి 6.60 మీటర్లే, మిగతా చోట్ల 6.75. జోన్‌లో ఆ మూలకి చేరేసరికి ఆలస్యమైపోతోంది. దానికి ఎవరైనా మంచి డ్రిల్ చెప్పగలరా?