పిప్పరమెంటు: ఈ మాట ఇంకా ఎవరింట్లో వాడుతున్నారు?

మొన్న మన గ్రూపులోనే ఒకరు గాజు సీసా నిండా రంగురంగుల బిళ్ళలున్న ఫోటో పెట్టి "చిన్ననాటి చాక్లెట్లు" అని రాశారు. ఫోటో చాలా బావుంది కానీ అందులో ఒక్కటీ చాక్లెట్ కాదండీ. చాక్లెట్ అంటే కోకో ఉండాలి కదా, వీటిల్లో ఉన్నది ముదర పాకం పట్టిన పంచదార, కాస్త రంగు, కాస్త వాసన, అంతే. వీటికి మా తెనాలి వైపు ఉన్న పేరు పిప్పరమెంట్లు. పుదీనా వాసన ఉండాలన్న పట్టింపు ఏమీ లేదు, నారింజ వాసన వేసినా పిప్పరమెంటే, ఏలక్కాయ వాసన వేసినా పిప్పరమెంటే. కొట్టుకెళ్ళి "బాబాయ్, పది పైసలకి పిప్పరమెంట్లు" అంటే ఆయన రేకు మూత తిప్పి సీసాలో చెయ్యి పెట్టి ఏవి వస్తే అవి ఇచ్చేవాడు, మనం అరచేతికి అంటుకున్న పంచదార కూడా నాకేసేవాళ్ళం. ఇప్పుడు ఆ మాట అంటే మా ఇంట్లో పిల్లలకి గుర్తొచ్చేది టూత్‌పేస్టు.

ఎలాగూ ఇంగ్లీషు మాటే కదా పోతే పోనీ అంటారేమో, నేను ఒప్పుకోను. పిప్పరమెంటు అంటే పెప్పర్, మింట్ (పుదీనా) కలిసిన మాట, అందులో ఇంగ్లీషు పెప్పర్‌కి వెనకాల లాటిన్ పిపెర్ ఉంది, దానికి వెనకాల గ్రీకు పెపెరి, దానికీ వెనకాల ఉన్నది మన పిప్పలి. చిన్నప్పుడు దగ్గొస్తే తేనెలో రంగరించి నాకించిన పిప్పళ్ళ పొడి ఉంది చూడండి, అదే. మిరియాలతో, పిప్పళ్ళతో పాటు ఓడలెక్కి వెళ్ళిన మాట ఎక్కడెక్కడో తిరిగి పుదీనాతో జతకట్టి చివరికి మన ఊరి కొట్టులో సీసాలోకి వచ్చి చేరింది. క్యాండీ కూడా అంతే, సంస్కృతంలో ఖండం, పారసీలో కంద్, అరబ్బీలో కందీ, అక్కణ్ణుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకి. మన కండచక్కెరని దాని పక్కన పెట్టి చూసుకోండి. ఇంత బంధుత్వం ఉన్న మాటని వదిలేసి, మెక్సికో నుంచి వచ్చిన చాక్లెట్‌ని, అసలు కోకోయే లేని వస్తువుకి తగిలించడం నాకు మాత్రం బాధగానే ఉంటుంది.

పైగా ఒక్క మాట పోతే దాని వెనకాల ఒక గుంపు పోతుందండీ. నిమ్మతొన అంటే ఏంటో ఈ రోజు పిల్లలకి ఫోటో చూపించి చెప్పాలి, అర్ధచంద్రం ఆకారంలో పైన పంచదార అద్ది పుల్లపుల్లగా ఉండేది. ఇంక జీళ్ళు. తిరనాళ్ళలో చేసేవాళ్ళని దగ్గర నుంచి చూసినవాళ్ళు ఇక్కడ ఉండే ఉంటారు. బెల్లం పాకం బాగా ముదిరాక నూనె రాసిన పళ్ళెంలో పోసి, చెయ్యి పట్టేంత వేడికి దిగాక ముద్ద చేసి, గుంజకి కొట్టిన మేకుకి తగిలించి లాగుతారు, మళ్ళీ మడిచి తగిలిస్తారు, మళ్ళీ లాగుతారు, అలా లాగేకొద్దీ గాలి చేరి ఆ నల్లటి ముద్ద కాస్తా బంగారు రంగుకి తిరిగి ఇంకా లాగితే తెల్లబడుతుంది. "జీళ్ళపాకంలా సాగదీయకురా" అన్న మాట అక్కడ పుట్టిందే. ఇప్పుడు టీవీ సీరియల్ గురించి ఆ మాట రోజూ వాడతాం, జీడి మాత్రం చాలామంది కంట పడలేదు.

తినే తీరుకి కూడా మాటలుండేవి. బిళ్ళని చప్పరించాలి, జీడిని చీకాలి, పప్పుచెక్కని కొరకాలి. గబుక్కున నమిలేసేవాణ్ణి చూస్తే మిగతా వాళ్ళకి జాలి, వాడిది అప్పుడే అయిపోయింది, మనది ఇంకా దవడనే ఉంది. అన్నిటికంటే నాకు ఇష్టమైన మాట కాకెంగిలి. ఒకటే బిళ్ళ, ఇద్దరు పిల్లలు, చొక్కా అంచు దాని మీద కప్పి పళ్ళతో టక్కున కొరికితే గుడ్డ లోపలే రెండు ముక్కలవుతుంది, నోరు తగల్లేదు కాబట్టి ఎంగిలి కాదు. చొక్కా మీద నారింజ రంగు తడి మరక మాత్రం ఉండిపోతుంది, అది చూసి ఇంట్లో అడుగుతారు. ఎంగిలి మీద అంత పట్టింపు ఉన్న సమాజంలో పిల్లలు వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్న చట్టం అది, దానికి ఒక పేరు కూడా పెట్టుకున్నారు.

మీ వైపు ఏమంటారో రాయండి.

జవాబు, చిత్తూరు నుంచి:
అన్నా, పిప్పరమెంటు అని మా అవ్వ అనేది, మేము మాత్రం చిన్నప్పట్నించీ చాక్లెట్టే. దానికి కారణం మా ఊరే అనుకుంటా. బిళ్ళలు చేసే న్యూట్రిన్ కంపెనీ చిత్తూరులోనే 1952లో పెట్టినారు కదా, ఆసే, మహాలాక్టో ఇవన్నీ మా ఊరి సరుకు, ఎవరింటికి పోయినా అవే పెడతారు. 2006లో గోద్రెజ్ వాళ్ళు తీసుకున్నారు. ఊరు కాని ఊరులో ఆ కాగితం కనబడితే మావాళ్ళని చూసినట్టే ఉండేది నాకు. ఇంకొకటి, మీరు పటికబెల్లం అనేదాన్ని మేము కలకండ అంటాము, మీరు రాసిన ఖండం దాంట్లో కూడా ఉందేమో చూడండి.

జవాబు, కరీంనగర్ నుంచి:
మా దిక్కు గూడ కాకెంగిలి అనే అంటరు అన్నా, సదువంగనే నవ్వొచ్చింది. పిప్పర్‌మెంట్ అన్న మాట మా తాత నోట్ల ఇన్న. పీచుమిఠాయిని హైదరాబాద్‌ల బుడ్డీ కే బాల్ అంటరు, అంటే ముసలమ్మ ఎంట్రుకలు. మీరు మర్చిపోయింది ఒకటి చెప్త, హోలీకి మా దగ్గర పిల్లల మెడల చక్కెర పేర్లు ఏస్తరు. పేరు అంటే దండ. చక్కెర బిళ్ళలు దారానికి గుచ్చినట్టు ఉంటయి, కుడుకలయి, అంటే ఎండు కొబ్బరి చిప్పలయి గూడ ఏస్తరు. రంగులు ఆడుకుంట ఒక్కొక్క బిళ్ళ కొరుక్కుంట తిరుగుడే, సాయంత్రానికి మెడల దారం మిగుల్తది.

జవాబు:
నాయనా, పిప్పరమెంటు పువ్వు సంగతి ఎవరూ రాయలేదేం? పిప్పరమెంటు పువ్వు (నిజం పువ్వు కాదు, మెంథాల్ పలుకులు), వాము పువ్వు (థైమాల్), పచ్చ కర్పూరం, మూడూ సమపాళ్ళలో తెచ్చి ఒక సీసాలో వేసి బిరడా పెడితే నీళ్ళ చుక్క వెయ్యకుండానే కాసేపటికి మూడూ కరిగి ద్రవం అయిపోతాయి. అదే అమృతధార. అజీర్తి చేస్తే పంచదార మీద ఒక్క చుక్క వేసి మా అత్తగారు పెట్టేవారు. మా పిల్లలు కడుపునొప్పని అబద్ధమాడి మరీ తినేవాళ్ళు, అచ్చం పిప్పరమెంటు బిళ్ళలాగే ఉంటుందని.

జవాబు, న్యూజెర్సీ నుంచి:
అమ్మా, మీరు రాసింది మా నాన్నగారికి చదివి వినిపించాను. ఇక్కడ డిసెంబర్ వస్తే ఎరుపూ తెలుపూ చారలతో వంపు కర్రలాంటి క్యాండీ కేన్ అమ్ముతారు, నాన్నగారు మొదటిసారి వచ్చినప్పుడు నోట్లో పెట్టుకుని "ఒరే ఇది పిప్పరమెంటురా" అన్నారు. మా అబ్బాయి కవర్ మీద చూసి అవును తాతా అదే రాసుంది అన్నాడు. వాళ్ళిద్దరికీ ఒకేసారి అర్థమైన మాట ఆ రోజంతా అదొక్కటే.

జవాబు:
గురువుగారూ, అందరికీ చాక్లెట్ అర్థమవుతోంది కదా, ఇప్పుడు పాత మాట వాడితే కొట్టువాడికి తెలియదు, ఉపయోగం ఏముంది?

మొదట రాసినవారి జవాబు:
తమ్ముడూ, కొట్టువాడి దగ్గర చాక్లెట్ అనే అడుగు, తప్పేం లేదు. ఇంట్లో పిల్లలకి ఇచ్చేటప్పుడు మాత్రం "ఇదిగో పిప్పరమెంటు" అని ఇవ్వు, వాళ్ళకి రెండు మాటలూ వస్తాయి. మా ఇంట్లో నేను అలాగే ఇస్తున్నాను.

చిత్తూరు తమ్ముడికి: కలకండలో కండ ఉంది, నీ ఊహ సరైనదే. తమిళంలో కఱ్కండు అంటారు, అందులో కల్ అంటే రాయి, రాతి కండ అన్నమాట. కన్నడం వాళ్ళు నేరుగా కల్లుసక్కరె అనేశారు, అక్కడా అదే రాయి.

చక్కెర పేర్ల గురించి రాసిన కరీంనగర్ తమ్ముడికి ప్రత్యేకంగా థాంక్స్, మా వైపు పెళ్ళిళ్ళలో చెక్క అచ్చుల్లో పోసే పంచదార చిలకలు ఉన్నాయి కానీ మెడలో వేసుకునేవి మాకు లేవు. పిన్నిగారి పిప్పరమెంటు పువ్వు కూడా ఇలాంటి మాటలకి నేను రాసుకుంటున్న పదాల పట్టికలో చేరుస్తున్నాను. శ్రీకాకుళం, అనంతపురం వైపు నుంచి ఇంకా ఎవరూ రాయలేదు, నిమ్మతొనకి మీ దగ్గర వేరే పేరుంటే చెప్పండి.