సగం ఏడాది ఉండి పోయే పిల్లిగద్ద కోసం మన గడ్డినేలలు అలాగే ఉంచాలా?

గడ్డిపరక:
నిన్న ఇంకో చర్చలో ఒకరు రాశారు: "పక్షులు కజకిస్తాన్‌వి, సంతకాలు ఢిల్లీవాళ్లవి, నేల మాత్రం మనదా?" ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే విడిగా అడుగుతున్నా.

పిల్లిగద్దలు (ఇంగ్లిష్‌లో హ్యారియర్లు) మధ్య ఆసియా స్టెప్పీ గడ్డి మైదానాల్లో పిల్లల్ని చేసుకుని, చలికాలానికి మన దక్కన్ దాకా వస్తాయి. పగలంతా చేల మీద, బీళ్ల మీద కిందికి ఎగురుతూ మిడతల్ని, ఎలుకల్ని పడతాయి. రాత్రికి చెట్టెక్కవు. మోకాలెత్తు గడ్డిలో నేలమీదే గుంపుగా పడుకుంటాయి. కర్నూలు దగ్గరి రోళ్లపాడులో ఒక డిసెంబరు సాయంత్రం చూశాను. పొద్దు వాలాక ఒక్కొక్కటే వచ్చి, గడ్డి మీద రెండు చుట్లు తిరిగి, రెక్కలు పైకెత్తి దిగిపోయేది. దిగాక ఎంత వెతికినా కనబడదు. తెల్లారి ఆ చోట బొటనవేలంత ఉండలు దొరికాయి, అవి కక్కినవి. విప్పితే మిడత కాళ్లు, ఎలుక బొచ్చు.

వలస జీవుల అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం 1983 నుంచి ఉంది. 2016లో గద్దల్లాంటి వలస వేటపక్షుల అవగాహన పత్రం మీద కూడా సంతకం పెట్టింది. దానికి చట్టబద్ధత లేదు. నా మాట ఏమిటంటే, ఇది చాలదు, ఇంకా గట్టి ఒప్పందం కావాలి.

నల్లరేగడి:
అన్నా, మాది ఆ చుట్టుపక్కల ఊరే. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం రోళ్లపాడును అభయారణ్యం చేశారు. ఆ తర్వాత కృష్ణజింకలు పెరిగాయి. మా శనగ చేను మొలక మీదుండగానే మేసేసేవి. చలికాలం రాత్రుళ్లు మా నాయన కంబళి కప్పుకుని డబ్బా కొడుతూ కూర్చునేవాడు. ఇంతా చేస్తే బట్టమేక పిట్ట మిగిలిందా? 2020లో గాంధీనగర్‌లో ఆ వలస జీవుల ఒప్పందం దేశాలన్నీ చేరి దాన్ని అత్యధిక రక్షణ జాబితాలోకి ఎక్కించాయి. అప్పటికే మా కంటికి అది కనబడి ఏళ్లయింది. కాగితం మీద ఎక్కితే నేలమీద నిలబడుతుందా? ఇప్పుడు ఇంకో పక్షి పేరు చెప్పి ఇంకొన్ని ఎకరాలకు కంచె వేస్తామంటే మేం ఒప్పుకోం.

మందులషాపు:
పదిహేనేళ్లు పురుగుమందుల షాపులో పనిచేశాను. మోనో అంటే తెలియని పత్తి రైతు మన దగ్గర లేడు. ఆ మోనోక్రోటోఫాస్ సంగతే చెప్తా.

అమెరికా, కెనడా గడ్డినేలల్లో స్వెయిన్సన్స్ హాక్ అనే గద్ద ఉంది. అది చలికాలం ఎక్కడ గడుపుతుందో అక్కడివాళ్లకు అప్పట్లో సరిగా తెలిసేది కాదు. 1990లలో వీపుకు చిన్న ట్రాన్స్‌మిటర్లు కట్టి వదిలితే అర్జెంటీనాలోని లా పంపా చేల దగ్గర తేలాయి. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు చెట్ల కింద కుప్పలుగా చచ్చిన గద్దలు కనబడ్డాయి. మిడతల మీద రైతులు మోనో కొట్టారు, ఆ మిడతల్ని గద్దలు తిన్నాయి. 1995-96 సీజన్‌లో లెక్కకు అందినవే 5 వేలు, అంచనా 20 వేలు.

మూడు దేశాలవాళ్లు, మందు తయారుచేసే కంపెనీ కలిసి కూర్చున్నారు. మిడతల మీద ఆ మందు ఆపేశారు, రైతుకు వేరే మందు చూపించారు. మరుసటి సీజన్‌కే చావులు బాగా పడిపోయాయి. నల్లరేగడి గారూ, అక్కడ రైతును భూమి అడగలేదు, మందు డబ్బా మార్చమన్నారు. రెండు వైపులవాళ్లు మాట్లాడుకోకపోతే, గద్దలు ఎందుకు తగ్గుతున్నాయో ఉత్తరాన కూర్చున్నవాళ్లకు ఎప్పటికీ తెలిసేది కాదు. మన దగ్గర 2005లో కూరగాయల మీద మోనో నిషేధించారు, అదీ మనుషుల కోసం. మన చేలల్లో మిడతలు తినే పిల్లిగద్ద గురించి ఎవరు ఆలోచించారు?

అల్మాటీ_మెడికో:
నేను కజకిస్తాన్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నా. ఇక్కడ 1954 నుంచి సోవియట్ ప్రభుత్వం స్టెప్పీని గోధుమ కోసం దున్నించింది. 1991 తర్వాత చాలా పొలాలు వదిలేస్తే గడ్డి తిరిగొచ్చింది. 2005లో అల్తీన్ దాలా అనే సంరక్షణ పథకం మొదలైంది. 2003లో 21 వేలకు పడిపోయిన సైగా జింకలు 2022 కల్లా 13 లక్షలు దాటాయి. "పక్షులు వాళ్లవి" అంటున్నారు కదా, వాళ్ల వంతు కొంతైనా చేస్తున్నారని చెప్పాలనిపించింది.

గడ్డిపరక:
నల్లరేగడి, మీ నాయన కష్టం కాదనను. బయటివాళ్లు వచ్చి కంచె వేసి, ఊరివాళ్లను దూరం పెట్టిన పద్ధతి తప్పే. కానీ ఇంకో సంగతి చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి కేంద్రం వేసే బంజరు భూముల అట్లాస్‌లో మన గడ్డినేలలు చాలావరకు 'బంజరు' కిందే పడతాయి. బంజరు అనగానే సోలార్ ప్లాంటుకు ఇవ్వొచ్చు, మొక్కలు నాటేయొచ్చు. గడ్డిలో వరసగా మొక్కలు నాటితే పిల్లిగద్దకు పడక పోతుంది, మీ గొర్రెలకు మేత పోతుంది. రెండింటికీ కావలసింది ఒకటే నేల. ఒప్పందం గట్టిగా ఉండాలని నేను అడిగేది ఆ 'బంజరు' అనే మాటను కొట్టేయించడానికి.

నల్లరేగడి:
బీడును బంజరు అనొద్దంటే నేనూ సంతకం పెడతా. మా గొర్రెలు బతికింది ఆ బీడు మీదే. కంచె విషయంలో మాత్రం నా మాట మారదు. పక్షులు పడుకునే చోటు ఊరికి కొన్ని ఎకరాలే కదా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ గడ్డి కోయం, నిప్పు పెట్టం, మంద తోలం. దానికి ఎకరాకు ఇంత అని ఒప్పందంలోనే రాసి, ముందే కాపరి చేతికివ్వండి. ఆ డబ్బు ఏ దేశం ఇస్తుంది, ఎంత ఇస్తుంది? ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మా ఊళ్లో కాపరులను నేనే కూర్చోబెడతా.