బెల్లం లైన్ బాగానే వస్తోంది, చింతపండు లైన్ మాత్రం పక్కకి పోతోంది (సి, ప్రింట్‌ఎఫ్)

కొత్తగా_సి:
బీటెక్ ఫస్ట్ ఇయర్ అండీ. సి ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లో కిరాణా బిల్లు ప్రింట్ చేసే అసైన్‌మెంట్ ఇచ్చారు. సరుకు పేరు, ఎన్ని, ధర, మొత్తం, ఇలా నాలుగు నిలువు వరుసలు. మాకు కిరాణా కొట్టే ఉంది కాబట్టి లెక్కతో ఇబ్బంది లేదు, బాధంతా ఆ వరుసలతోనే. ప్రింట్‌ఎఫ్ (స్క్రీన్ మీద రాసే ఫంక్షన్)లో పేర్లు ఇంగ్లీషులో ఇచ్చి, మధ్యలో బ్యాక్‌స్లాష్ టి (ట్యాబ్) పెట్టా. రైస్, షుగర్, జాగరీ (బెల్లం) లైన్లు చక్కగా ఒకదాని కింద ఒకటి వస్తున్నాయి. టామరిండ్ (చింతపండు) దగ్గరికి వచ్చేసరికి అంకెలన్నీ ఒక్కసారిగా కుడివైపుకి దూకుతున్నాయి. జాగరీకి, టామరిండ్‌కి తేడా ఒక్క అక్షరమే కదా, దానికే అంత దూరం పోవాలా? రెండేసి ట్యాబులు పెట్టినా అదే తేడా.

ఇంకోటి. గ్రౌండ్‌నట్ ఆయిల్‌ని స్కాన్‌ఎఫ్ (మనం టైప్ చేసింది చదివే ఫంక్షన్) మొదటి మాట వరకే చదువుతోందని, లైనంతా చదివే ఎఫ్‌గెట్స్‌కి మారా. ఇప్పుడు పేరు ఒక లైన్లో, అంకెలు కింద లైన్లో పడుతున్నాయి. రేపు మధ్యాహ్నం సబ్మిషన్, టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాత_సి_కాపు:
టామరిండ్‌ని ఇంగ్లీషులో రాసి అక్షరాలు లెక్కపెట్టు తమ్ముడూ. సరిగ్గా 8. జాగరీకి 7. నీ జబ్బు అక్కడే ఉంది.

ట్యాబ్ అంటే ఇన్ని ఖాళీలు అని కాదు, తర్వాతి స్టాప్ దాకా వెళ్లు అని. మామూలుగా టెర్మినల్‌లో 8, 16, 24 దగ్గర ఆ స్టాపులుంటాయి. 4 అక్షరాల రైస్ అయినా, 7 అక్షరాల జాగరీ అయినా ట్యాబ్ కొడితే 8 దగ్గరే ఆగుతాయి. టామరిండ్ ముందే 8 దాకా వచ్చేసింది, ఇక అక్కడినుంచి ట్యాబ్ కొడితే 16కే పోతుంది. బస్సు ఈ స్టాపులో ఆగి ఉండగా ఎక్కినవాడు తర్వాతి స్టాపులోనే కదా దిగేది. పసుపు పెట్టి చూడు, టర్మరిక్ కూడా 8 అక్షరాలే, అదీ ఇలాగే దూకుతుంది. రెండు ట్యాబులు పెడితే అందరూ ఒక్కో స్టాపు ముందుకి జరుగుతారు, తేడా అలాగే ఉంటుంది.

కాబట్టి బిల్లులో ట్యాబు వాడకు. వెడల్పు నువ్వే చెప్పు. నా ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉంది, ఎస్, డి, ఎఫ్ అని నేను రాసినచోట ఇంగ్లీషు చిన్న అక్షరాలు వేసుకో (ఎస్ అంటే మాట, డి అంటే పూర్ణాంకం, ఎఫ్ అంటే దశాంశ సంఖ్య):

%-20ఎస్%6డి%10.2ఎఫ్%10.2ఎఫ్

మైనస్ ఉంటే ఎడమకి ఆనుకుంటుంది, లేకపోతే కుడికి. పేర్లు ఎడమకి, అంకెలు కుడికి ఉంచు, అప్పుడే దశాంశ చుక్కలు ఒకదాని కింద ఒకటి పడతాయి. 10.2లో ఆ 10 అంటే చుక్క, దాని తర్వాతి రెండు అంకెలు కూడా కలిపి మొత్తం 10 అక్షరాల చోటు. చుక్కకి ముందు 10 అనుకుని చాలామంది పొరపడతారు, నేనూ పడ్డా.

రెండో ప్రశ్నకి: ఎఫ్‌గెట్స్ నువ్వు కొట్టిన ఎంటర్‌ని కూడా పేరులోనే దాచుకుంటుంది, పేరు ప్రింట్ చేసినప్పుడు అదీ ప్రింటవుతుంది. ఎస్‌టిఆర్‌సిఎస్‌పిఎన్ ఫంక్షన్‌తో ఆ బ్యాక్‌స్లాష్ ఎన్ (ఎంటర్ గుర్తు) ఎక్కడుందో కనుక్కుని అక్కడ సున్నా పెట్టేయ్. ఇంకో సరుకు చదివేటప్పుడు పేరు ఖాళీగా వస్తే కంగారు పడకు, ధర చదివిన స్కాన్‌ఎఫ్ వదిలేసిన ఎంటర్ అది. స్కాన్‌ఎఫ్ అయ్యాక ఎంటర్ వచ్చేదాకా, ఒక్కో అక్షరం చదివే గెట్‌చార్‌తో మింగేయ్.

ల్యాబ్_అక్క:
పైన చెప్పింది కరెక్టే, కానీ ఆ 20 అనేది కనీస వెడల్పు, గరిష్ఠం కాదు. 20 దాటిన పేరు వస్తే సి దాన్ని కోయదు, మొత్తం రాసేసి మిగతావాటిని పక్కకి నెడుతుంది. కోయాలంటే %-20.20ఎస్ అని రాయాలి.

నేను ల్యాబ్‌లో పిల్లలకి మొదట చేయించేది వేరే. ప్రతి గడికీ అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెట్టి ప్రింట్ చేయమంటా. [రైస్    ] అని కనపడగానే ఖాళీలు ఎక్కడున్నాయో, మూసే బ్రాకెట్ కింద లైన్‌కి ఎందుకు జారిందో వాళ్లకే తెలిసిపోతుంది, నన్ను పిలవాల్సిన పని ఉండదు. సరయ్యాక బ్రాకెట్లు తీసేయొచ్చు. పైన హెడింగులు చేత్తో స్పేస్‌బార్ కొడుతూ రాయొద్దు, వాటినీ అవే వెడల్పులతో ఎస్ పెట్టి ప్రింట్ చేయి.

స్క్రీన్ మీద బాగున్నది రికార్డు కోసం వర్డ్‌లో పేస్ట్ చేస్తే మళ్లీ వంకరపోతుంది, అప్పుడు కోడ్ మీద పడొద్దు. ఫాంట్ కొరియర్ న్యూ పెట్టు చాలు. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉండే ఫాంట్ అయితేనే ఈ లెక్కలన్నీ పనిచేస్తాయి.

కొత్తగా_సి:
వచ్చేసింది అన్నా, అక్కా! థాంక్యూ. బ్రాకెట్ల ఐడియా సూపర్.

కానీ ఉత్సాహంలో రెండు తలనొప్పులు తెచ్చుకున్నా. మా కొట్లో వందకి మూడు సబ్బులు ఉంటాయి, మూడు రకాలు ఒక్కోటి వేస్తే మూడు లైన్లలోనూ 33.33 అని, కింద మొత్తం 100.00 అని వస్తోంది. చేత్తో కూడితే 99.99. ఇంకోటి, నాన్నకి చూపిద్దామని పేర్లు తెలుగులో పెట్టా. బెల్లం పక్కన రెండే ఖాళీలు, చింతపండుకి అవి కూడా లేవు.

పాత_సి_కాపు:
తెలుగు సంగతి ముందు. ప్రింట్‌ఎఫ్ లెక్కపెట్టేది అక్షరాలు కాదు, బైట్లు. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడి గుర్తులే. బెల్లం అంటే బ, ఎత్వం, ల, పొల్లు, ల, సున్నా. ఆరు మూళ్లు 18, అందుకే నీకు రెండు ఖాళీలే వచ్చాయి. చింతపండుకి 8 గుర్తులు, 24 బైట్లు, అది 20 దాటిపోయింది. అక్క చెప్పిన .20 పెడితే ఇంకా ఘోరం, గుర్తు మధ్యలో కోసేసి చివర చెత్త అక్షరం చూపిస్తుంది. గుర్తులు లెక్కపెట్టి సరిచేద్దామన్నా కుదరదు, బెల్లంలో గుర్తులు ఆరు, కంటికి కనపడేవి రెండే అక్షరాలు, అవి స్క్రీన్ మీద ఎంత చోటు తీసుకుంటాయో టెర్మినల్‌ని బట్టి మారుతుంది. అసైన్‌మెంట్ ఇంగ్లీషులో ఇచ్చేయ్. నాన్నగారి కోసమైతే అదే డేటాని హెచ్‌టీఎంఎల్ టేబుల్‌గా ఫైల్‌లో రాయించు, వరుసలు బ్రౌజరే చూసుకుంటుంది.

ల్యాబ్_అక్క:
సబ్బుల విషయంలో, .2 అనేది చూపించేదాన్నే గుండ్రం చేస్తుంది, వేరియబుల్‌లో 33.333 అలాగే ఉంటుంది. నీ మొత్తం వాటినే కూడుతోంది, చదివేవాడేమో కనపడినవి కూడుతున్నాడు. డబ్బుని పైసల్లో పూర్ణాంకంగా, అంటే ఇంట్‌గా ఉంచుకో: 3333, 3333, 3334. ఆ మిగిలిన ఒక్క పైసా ఏ సబ్బు మీద వేయాలో కొట్టువాళ్లు మీరు, మీరే తేల్చుకోండి. ప్రింట్ చేసేటప్పుడు 100తో భాగిస్తే రూపాయలు, శేషం పైసలు, ఫార్మాట్ %డి.%02డి. ఆ 02 (ఒక్క అంకే ఉంటే ముందు సున్నా వేసేది) మర్చిపోకు.

కొత్తగా_సి:
మర్చిపోయా అక్కా. 40 రూపాయల 5 పైసలు 40.5 అని వచ్చింది. నాన్న కళ్లజోడు పైకి నెట్టుకుని "నలభైన్నర ఎవడి దగ్గర తీసుకున్నావురా?" అన్నారు. ఇప్పుడే 02 పెట్టా, 40.05 వస్తోంది.